నలుపు తీసే చెయ్యి

చమ్‌బలూత్
ఖుర్దాద్ నెల, కోతల ముందు

తమ్ముడు మురాద్‌కు, అక్క గులందామ్ దీవెనలు.

ఇక్కడ అందరం క్షేమం అని రాయాలి కాబట్టి రాస్తున్నాను. అందరం అంటే నలుగురం. నేను, మిట్ట మీద నజర్ మావయ్య, బనఫ్షా అత్తయ్య, వాగు పక్కన సబ్జలీ. సబ్జలీ క్షేమమో కాదో నేను అడగను, అతను చెప్పడు. నీటి కాలువ దగ్గర మీ బావకీ అతనికీ పడ్డ గొడవ నీకు గుర్తుండే ఉంటుంది. బావ పోయాడు గానీ గొడవ పోలేదు. పొద్దున అతని పొయ్యి పొగ లేస్తే మనిషి ఉన్నాడనుకుంటాను. నా పొగ చూసి అతనూ అలాగే అనుకుంటాడేమో.

పోయిన వారం జిల్లా నుంచి ఒకాయన తలుపుల మీద అంకెలు వెయ్యడానికి వచ్చాడు. ఆబాన్ నెలలో దేశమంతా జనాభా లెక్కలట. ఖాళీ ఇళ్ళకు కూడా అంకెలు వేసుకుంటూ పోయాడు పాపం. ఈ ఇంట్లో ఎవరుంటారమ్మా అంటే గబ్బిలాలు అన్నాను. నవ్వలేదు. వెళ్ళేటప్పుడు ఒక మాట చెప్పి వెళ్ళాడు. మూడు పొయ్యిల కంటే తక్కువ ఉన్న ఊరికి పుస్తకంలో పేరైతే వేస్తారట, జనాభా వెయ్యరట. అంకె ఉండాల్సిన చోట గీత పెడతారట. యుద్ధం రోజుల్లో లెక్క రాసినప్పుడు మన ఊరి పిల్లలే ఒక బడికి సరిపోయేవారు. ఇప్పుడు సరిగ్గా మూడు పొయ్యిలు ఉన్నాయి. అంచు మీద నిలబడ్డాం.

ఇంకో నాలుగు నెలలకు మెహర్ నెల వస్తే మీ బావ బలూత్ కాయలు దులపబోయి చెట్టు మీంచి పడి ఏడాది. సమాధి మీద కోసి పెట్టిన నా జడ మళ్ళీ భుజం దాకా పెరిగింది. మొన్న బనఫ్షా అత్తయ్య నా నల్ల బట్టలు చూసి ఊరుకోలేదు. "ఏడాది దాటినా ఆడది నలుపులో ఉంటే పోయినవాడికి నిద్ర పట్టదే. నీకు తీయడానికి ఎవరొస్తారు?" అంది. ఆవిడ బాధ నిజమే. మన ఊళ్ళో ఎవరి నలుపు తీయాలన్నా పూల రుమాలో కొత్త చొక్కానో పట్టుకుని వెళ్ళింది మీ బావే. సబ్జలీ పెళ్ళాం పోయినప్పుడు, మాటలు లేకపోయినా వెళ్ళాడు. చొక్కా అతని ఒళ్ళో పెట్టి, టీ తాగకుండా తిరిగొచ్చాడు. అంతమందికి తీసిన మనిషి పెళ్ళానికి ఇప్పుడు తీసే పెద్ద లేడు. నజర్ మావయ్య ఉన్నాడుగా అంటావేమో. ఆయన ఈ మధ్య మీ బావ పోయిన సంగతే మరిచి, షాహ్‌వలీ ఏడీ, మేకలు తోలుకుపోయాడా అని నన్నే అడుగుతున్నాడు.

నాకు తమ్ముడున్నాడు అన్నాను అత్తయ్యతో. అంతకుమించి అనలేదు. ఎవరి నలుపు వాళ్ళు తీసుకోకూడదు, తీయమని నోరు తెరిచి అడగనూ కూడదు. నేను అడగడం లేదు. అత్తయ్య అన్నది రాశాను, అంతే.

మరదలు తూబా ఏమైంది? నీ ఉత్తరం చివర ఎప్పుడూ రెండు ముక్కలు రాసేది. వసంతం నుంచి ఒక్క అక్షరం లేదు. చలికాలంలో పంపిన బొంత ముతకగా ఉందని అలిగిందా? ముతకదే. మేకవెంట్రుకతో పట్టు నేయలేను కదా.

ఒంటికొమ్ము మేక ఈనింది. రెండు పిల్లలు. ఊరి జనాభా పెరిగినట్టే.

నీ అక్క.

*

అహ్వాజ్
తీర్ నెల

అక్కకు మురాద్ నమస్కారాలు.

నీ ఉత్తరం మినీబస్సు హబీబ్ చేతికిచ్చి పంపితే నేరుగా రొట్టెల దుకాణానికే తెచ్చిచ్చాడు. పిండి చేతులతోనే చదివాను. ఇక్కడ ఎండ ఎలా ఉందంటే, పొయ్యి ముందు నిలబడ్డవాడికి బయటికి వెళ్తే ఏం తేడా తెలియదు. నీళ్ళు ఉప్పగా వస్తున్నాయి. మన వాగు నీళ్ళు తాగాలని ఉంది.

గబ్బిలాల మాట చదివి చాలా రోజులకు నవ్వాను.

ఈ వేసవి సెలవు దొరికేలా లేదక్కా. పిండి కలిపేవాడు ఇంకొకడు మానేశాడు, ఇద్దరి పని నేనే చేస్తున్నాను. తూబాకు ఒంట్లో నలతగా ఉంది. అందుకే రాయలేదు. అలక కాదు, బొంత కప్పుకునే పడుకునేది.

అత్తయ్య మాటలు మరీ మనసుకి తీసుకోకు. పట్నంలో నలభై రోజులకే తీసేస్తున్నారు. ఎవరికి వాళ్ళే తీసుకుంటున్నారు. ఎవరూ తప్పు పట్టడం లేదు.

ఉత్తరం చిన్నదయింది. చెప్పుకోవడానికి ఏమీ లేదు.

తమ్ముడు మురాద్.

*

చమ్‌బలూత్
ముర్దాద్ నెల, మజ్జిగ చిలికే రోజులు

మురాద్‌కు,

ఎవరికి వాళ్ళే తీసుకుంటున్నారని రాశావు. ఆ ముక్క దగ్గర ఉత్తరం మడిచి మేకల దగ్గరికి వెళ్ళిపోయాను. సాయంత్రం వచ్చి మిగతాది చదివాను. తమ్ముడూ, బొడ్డు తాడు ఎవరైనా తానే కోసుకుంటాడా? సమాధిలో ఎవరైనా తానే పడుకుని మట్టి కప్పుకుంటాడా? నలుపూ అంతే. ఇంకొకరు వచ్చి, ఇక చాలు, బతుకులోకి రా అని పిలవాలి. పిలిచే మనిషి ఉన్నాడని తెలియడానికే ఆ రుమాలు. లేకపోతే రంగుగుడ్డ సంతలో కావలసినంత దొరుకుతుంది.

ఇదీ అడగడం కాదు. పట్నం పద్ధతి గురించి నువ్వు రాశావు, ఊరి పద్ధతి గురించి నేను రాశాను.

తూబాకు నలత అన్నావు. ఏం నలతో రాయలేదు. తల తిరుగుడా, కడుపునొప్పా? కొండ వాము, ఎండబెట్టిన పుదీనా, ఇంకో రెండు ఆకులు మూటగట్టి హబీబ్‌కిచ్చాను. పొద్దునా సాయంత్రం కాచి తాగమను. బెల్లం వెయ్యొద్దు. అయినా ఇంతకాలం మంచం మీదున్న మనిషి ఒక్క వాక్యం రాయలేదంటే నాకేదో అనుమానంగానే ఉంది. ఆడబిడ్డ ఊరికి వెళ్తే వాగులో స్నానం, మేకల వాసన, చీకటి పడితే దీపం కూడా సరిగ్గా ఉండదు అని నిన్ను ఆపుతోందేమో. ఆమె పట్నం పిల్ల, తప్పు కాదు. కానీ ఆపుతున్నది ఆమె అయితే ఆ మాటే రాయి. ఎండ, సెలవు, పిండి కలిపేవాడు అని తిప్పకు.

నజర్ మావయ్యా వాళ్ళూ చలికాలానికి కూహ్‌దష్త్‌లో కూతురి దగ్గరికి వెళ్ళిపోతున్నారు. ఇక తిరిగి రారని అత్తయ్య ముఖం చూస్తేనే తెలుస్తోంది. లెక్కవాడు వచ్చిపోయేదాకా మాత్రం కదలం అంటోంది ఆవిడ. ఊరికి ఒక అంకె పెట్టించి మరీ వెళ్తారట. కూతురు రెండుసార్లు బండి పంపితే రెండుసార్లూ ఖాళీగానే తిప్పి పంపింది.

ఈ ఉత్తరంలో కోపం ఉంది. మజ్జిగ తోలుతిత్తి చిల్లుపడి సగం నేలపాలయింది, ఆ కోపం కూడా కలిసింది. నువ్వు వేరుచేసి చదువుకో.

గులందామ్.

*

అహ్వాజ్
షహ్రీవర్ నెలాఖరు

అక్కకు,

తూబాను ఏమీ అనకు. ఆమె ఆపడం లేదు.

హబీబ్ మన వైపు వస్తున్నాడంటే ఒక పొట్లం ఇచ్చాను. అందులో రుమాలు ఉంది. బావ ఏడాదికి నేను రాలేను. రాలేకపోతున్నానని మాత్రమే రాయగలను, ఎందుకో అడగకు. ఆ రోజు అత్తయ్య చేత కట్టించుకో. నేనే వచ్చి ఒళ్ళో పెట్టాననుకో.

ఆకులు అందాయి. పొద్దునా సాయంత్రం కాస్తున్నాను.

మురాద్.

*

చమ్‌బలూత్
మెహర్ నెల, బలూత్ కాయలు రాలేవేళ

మురాద్‌కు,

బావ ఏడాది జరిగింది. కుంకుమపువ్వు హల్వా చేశాను. నలుగురికి ఎంత కావాలో చెయ్యి మరిచిపోయింది, పెద్ద గిన్నెడు చేశాను. నజర్ మావయ్య రెండుసార్లు తిన్నాడు, ఎవరి పెళ్ళి అని అడిగాడు. సబ్జలీ వాటా అతని గోడ మీద పెట్టి వచ్చాను. సాయంత్రానికి గిన్నె కడిగి బోర్లించి ఉంది. 

నీ పొట్లం పెట్టెలో వేశాను. కట్టుకోలేదు. మనిషి రాకుండా రుమాలు రావడం అంటే ఏమిటో నీకు తెలియదా, అమ్మ పాలు తాగిన ఊరే కదా ఇది? నీ గుమ్మం తొక్కను, నీ దుఃఖంతో నాకు పనిలేదు అనుకున్నవాళ్ళు పంపుతారు అలా. శత్రువు ఇంటికి సైతం మీ బావ నడిచే వెళ్ళాడు. తోడబుట్టినవాడు మాత్రం డ్రైవరు చేత పంపాడు, వంకాయల బుట్ట పంపినట్టు. పైగా ఆ రంగేమిటి? నారింజ మీద పచ్చపూలు. కళ్ళు లేనివాళ్ళు ఎంచినట్టుంది.

ఇంకొకటి కూడా తెలిసింది. హబీబ్ ఇక్కడ టీ తాగుతూ నీ సంగతులు చెప్పాడు. నీ తమ్ముడు తల నుంచి కాళ్ళ దాకా తెల్లగా పెళ్ళికొడుకులా ఉన్నాడు, గడ్డం కూడా పెంచాడు, ఇప్పుడు అదే మోజట అన్నాడు. సంతోషం. బావ కోసం ఒక్క ఏడాది కూడా నల్ల చొక్కా ఉంచుకోలేకపోయావు. నిన్ను భుజాల మీద ఎక్కించుకుని వాగు దాటించిన మనిషి. గుడారంలో నడిచే బడికి మనిద్దర్నీ ఒకే గాడిద మీద తోలిన మనిషి. పోనీలే, ఎవరికి వాళ్ళే కదా.

అత్తయ్య నాకు కనపడకుండా ఏడుస్తోంది. తాము వెళ్ళిపోయాక నేను నలుపులోనే చస్తానని, నా శవాన్ని చూసేవాడు సబ్జలీ ఒక్కడేనని. నాకు చావు భయం లేదురా. ఈ నల్లగుడ్డ లోపల బతికి ఉండటమే భయంగా ఉంది. పొద్దున లేచి ఎవరితోనూ మాట్లాడకుండా సాయంత్రమవుతుంది. మేకను పేరుపెట్టి తిడితే ఆ గొంతు నాదేనా అనిపిస్తుంది. ఇది రాయకూడదనుకున్నాను. రాశాను.

ఇక ఉత్తరాలు రాయకు. నేనూ రాయను.

*

అహ్వాజ్
మెహర్ నెలాఖరు

అక్కా,

రాయకు అన్నావు. ఈ ఒక్కటీ చదువు.

తూబా లేదు. వసంతంలో నౌరోజ్ పండగ వెళ్ళిన రెండో వారం వంటింట్లో కూలబడిపోయింది. తలలో నరం చిట్లిందన్నారు. ఆసుపత్రిలో మూడు రోజులు ఉంది, కళ్ళు తెరవలేదు. ఇక్కడే పాతిపెట్టాను.

నీకు బావ పోయి అప్పటికి ఆరు నెలలు. ఆ నలుపు మీద ఇంకో నలుపు ఎలా వెయ్యను? వచ్చే ఉత్తరంలో చెబుదాం, వచ్చే ఉత్తరంలో చెబుదాం అనుకుంటూ ఇంతదాకా లాగాను. నువ్వేమో ప్రతిసారీ ఆమెను పేరుపెట్టి అడిగావు. నువ్వు అడిగిన ప్రతిసారీ ఆమె పక్కగదిలో ఉన్నట్టు ఉండేది. అబద్ధమే, కానీ నాకు దాన్ని చెరపబుద్ధి కాలేదు. ఆకులు నేనే కాచుకుని తాగాను. చేదుగా ఉన్నాయి. బెల్లం వెయ్యలేదు.

హబీబ్ చూసింది తెలుపు కాదక్కా, పిండి. నా చొక్కా నల్లదే. బావ కోసం వేసుకున్న చొక్కానే తూబాకూ సరిపోయింది. పొద్దున నల్లగా వెళ్తాను, మధ్యాహ్నానికి పిండి పడి తెల్లగా అవుతుంది. రొట్టెల కోసం వరసలో నిలబడేవాళ్ళలో ఒక్కరికీ నేను నలుపులో ఉన్నానని తెలియదు. గడ్డం మోజు కాదు. గీసుకొమ్మని చెప్పేవాళ్ళు లేక.

దుకాణంవాళ్ళు మూడో రోజు దాకా వచ్చారు. ఇంటి యజమానులు నలభయ్యో రోజున పళ్ళెంలో ఖర్జూరాలు పంపారు. తర్వాత ఎవరూ రాలేదు. మన ఊళ్ళో నలుగురే అని రాస్తావు. ఇక్కడ లక్షల మంది. అడక్కుండా వచ్చే మనిషి ఒక్కడు లేడు. ఎవరికి వాళ్ళే అని నీకు రాసిన వారమే చారల చొక్కా ఒకటి కొని నేనే వేసుకున్నాను. సందు చివరి దాకా వెళ్ళాను. దొంగతనం చేసినట్టనిపించింది. తిరిగొచ్చి నల్లదే వేసుకున్నాను.

ఇప్పుడు చెప్పు, నేనెలా రాను? నలుపులో ఉన్న చేతికి ఇంకొకరి నలుపు తీసే యోగ్యత లేదని మనిద్దరికీ తెలుసు. వచ్చి నీ ఎదురుగా కూర్చుని ఇద్దరం ఒకరి నలుపు ఒకరం చూసుకోవాలి.

ఇంకొక మాట. ఆ రుమాలు రంగు ఎంచింది తూబా. కూలబడిపోవడానికి ముందు వారం బజారులో కొన్నది. వదినకు ఏడాది కాగానే మనిద్దరం వెళ్దాం, నువ్వు ఒళ్ళో పెట్టు, నేను కడతాను అంది. వదిన ఎప్పుడూ ఎర్రదే కట్టేది, ఈసారి ఆమెను నారింజలో చూడాలి అని నవ్వింది. అందుకే పంపాను. నీ మీద కోపంతో కాదు.

మురాద్.

*

చమ్‌బలూత్
ఆబాన్ నెల, మొదటి మంచు పడిన మర్నాడు

నా తండ్రీ, మురాద్,

హబీబ్ చేతిలోంచి ఉత్తరం తీసుకుని వాకిట్లోనే చదివాను. తర్వాత ఏం చేశానో బనఫ్షా అత్తయ్య చెబితే తెలిసింది. పట్టపగలు వాకిలి మధ్య కూర్చుని తూబా పేరు పెట్టి గొంతెత్తి శోకం పాడానట. ఆ పిల్ల గురించి ఏమేం రాశానో అవన్నీ వెనక్కి తీసుకుంటూ పాడానట. ఆమె పుట్టిన ఊరి పేరు తెలియక అక్కడ మన ఊరి పేరు కలిపానట. కలపనీ. ఇక ఆమె ఈ ఊరిదే.

మన వాళ్ళలో శోకం వినపడితే పగవాడైనా పొయ్యి మీద గిన్నె దించి రావాలి కదా. కాలువ గొడవ తర్వాత మొదటిసారి సబ్జలీ మన గుమ్మం దాటాడు. నజర్ మావయ్య పోయాడనుకుని వచ్చాడట. ఎవరు అని అడిగాడు. తమ్ముడి భార్య అని చెప్పాను. నా ఎదురుగా కూర్చున్నాడు. ఆ పిల్లవాడు ఒంటరిగా ఉన్నాడా అన్నాడు. ఉన్నాడు, అతని నలుపు తీసేవాళ్ళు కూడా లేరు అన్నాను. ఇంత దగ్గరగా ఉండి ఇన్నాళ్ళూ నా నలుపు తీయడానికి ఎందుకు రాలేదని నేను అడగకుండానే అతనే చెప్పాడు. తోడబుట్టినవాడు ఉన్నాడు కదా, అతని వంతు నేను లాక్కుంటే తప్పు కదా అని ఆగాడట. గోడకు ఆ పక్క అతనూ ఎదురుచూస్తూనే ఉన్నాడు. ఈ పక్క నేను.

తర్వాత అత్తయ్యను రుమాలు ఉందా అని అడిగాడు. అత్తయ్య వెళ్ళి పెట్టెలోంచి తూబా రుమాలు తెచ్చింది. సబ్జలీ రెండు చేతులతో దాన్ని నా ఒళ్ళో పెట్టాడు. పొద్దుననే తెలిసిన చావు, నేను మళ్ళీ నలుపు వెయ్యాల్సినదాన్ని, తీయడమేమిటి అన్నాను. వద్దు అన్నాను. మళ్ళీ పెట్టాడు. మళ్ళీ వద్దన్నాను.

"ఆ పిల్ల దుఃఖం గుండెలో పెట్టుకో చెల్లెమ్మా," అన్నాడు. "ఒంటి మీద నలుపుంటే నీ చెయ్యి నీ తమ్ముడికి పనికిరాదు."

మూడోసారి నేను వద్దనలేదు. అత్తయ్య నల్లది విప్పి నారింజది కట్టింది. తూబా కట్టాల్సిన ముడి. చెవుల దగ్గర చలి తగిలింది. సబ్జలీ లేచి వెళ్ళబోయి గుమ్మం దగ్గర ఆగాడు. షాహ్‌వలీ మా ఇంట్లో టీ తాగలేదు, నువ్వు నాకు ఇస్తావా అన్నాడు. ఇచ్చాను. రెండు గ్లాసులు తాగాడు. పంచదార ఎక్కువ వేసుకుంటాడని ఇప్పుడే తెలిసింది.

రంగు బాగుంది మురాద్. అత్తయ్య కూడా అంది. కళ్ళున్న పిల్లే ఎంచింది.

ఎల్లుండి హబీబ్ బస్సుకు వస్తున్నాను. మేకలు సబ్జలీకి అప్పగించాను. లెక్కవాడు వచ్చే వారం వస్తాడట. అప్పటికి నేనుండను. నేను లేకపోతే మిగిలేది రెండు పొయ్యిలే, ఇక ఎందుకని నజర్ మావయ్యా వాళ్ళు కూతురి బండిలో రేపే ఎక్కుతున్నారు. అంకె పోతుందే అని అత్తయ్య కళ్ళు తుడుచుకుంది. పోతే పోనీ అన్నాను. ఇన్ని నెలలూ పొయ్యిలు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను, లెక్కలో నువ్వు ఒక్కడివే ఒక పక్కన మిగిలిపోయావు. సబ్జలీ మాత్రం రోజూ పొద్దున వచ్చి నా పొయ్యి, మావయ్య పొయ్యి కూడా వెలిగిస్తానంటున్నాడు. లెక్కవాడు మనుషుల్ని లెక్కపెడతాడు గానీ పొగల్ని కాదయ్యా అంటే, వెలిగించడానికి వాడి అనుమతి కావాలా అన్నాడు. బస్సు మలుపు తిరిగేటప్పుడు వెనక్కి చూడకూడదనుకుంటున్నాను. చూస్తానేమో.

నా కోసం బస్సుల దగ్గరికి రాకు, హబీబ్ ఇంటి దాకా దింపుతాడు. గడ్డం గీసేవాణ్ణి పిలిచి ఉంచు. ఆ చారల చొక్కా ఉతికి మడతపెట్టి తలుపు దగ్గర పెట్టు, నేను వచ్చి తీసుకుంటాను. తీసుకుని నీ ఒళ్ళో పెడతాను. పద్ధతి ప్రకారం నువ్వు రెండుసార్లు వద్దు అను.

మూడోసారి అనకు.

నీ అక్క గులందామ్.